గ్రూప్ ఫొటోలో మన ముఖం ఎక్కడ?
(కెమెరా కటకం, దూరం, వెలుతురు – ఒక పాఠం)



వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని సంపాదక వర్గం అడిగింది. నేను ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాటినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. పెద్ద పెద్ద సిద్ధాంతాల గురించి రాయవచ్చు గానీ, మీరు పదో తరగతిలో చదివే కటకాల పాఠం మన గోడకు వేలాడే ఒక ఫొటోలో ఎలా దాగి ఉందో చెబితే ఎక్కువ ఉపయోగమని అనిపించింది.

అందరి ఇళ్లలోనూ ఉన్న ఫొటో

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా వార్షికోత్సవం నాడు తీసిన గ్రూప్ ఫొటో ఒకటి మా ఇంట్లో ఉంది. మా అమ్మ పలాసలో జీడిపప్పు పనికి వెళ్లి తెచ్చిన కూలి డబ్బుల్లోంచి ఆ ఫొటోకు, ఫ్రేముకు ఇచ్చింది. ఫొటో తెచ్చిన రోజు దాన్ని గుమ్మం దగ్గర వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో నువ్వెక్కడా అవుపడవేటిరా?" అంది. వెనక వరుసలో కుడి చివర నుంచి రెండోవాణ్ణి నేను. వేలు పెట్టి చూపించాను. "ఇది నువ్వేనేటి? కళ్లూ లేవు, ముక్కూ లేదు" అంది.

నిజమే. వెనకున్న తెల్ల సున్నం గోడ, పైనున్న ఆకాశం చక్కగా వచ్చాయి. ముందు వరుసలో కుర్చీల్లో కూర్చున్న పెద్దలు పెద్దగా వచ్చారు. వెనక వరుసల్లో ఉన్న మేమంతా చిన్న చిన్న నల్ల మచ్చలుగా మిగిలాం. రెండు చివర్లా నిలబడ్డవాళ్ల తలలు పక్కకు సాగదీసినట్టు వచ్చాయి. "మనం నల్లోళ్లం, ఫొటోలో ఎలాగూ రాం" అని మాలో మేమే నవ్వుకున్నాం. చాలా ఏళ్లు ఆ మాటే నిజమని నమ్మాను.

డిగ్రీ చదువుతుండగా పెళ్లిళ్ల రోజుల్లో ఒక స్టూడియో అన్న దగ్గర లైటు పట్టుకునే పనికి కుదిరాను. అన్న తీరిక దొరికినప్పుడల్లా కెమెరా చేతికిచ్చేవాడు. అక్కడ తెలిసిందేమిటంటే, ఆ ఫొటోలో మేము కనపడకపోవడానికి కారణం మా రంగు కాదు. మూడు లెక్కలు తప్పాయి. ఒకటి కటకం, రెండు దూరం, మూడు వెలుతురు. ఫొటో తీసినాయనను తప్పు పట్టాలని ఇది రాయడం లేదు. ఆయనకు ఆ రోజు చోటూ చాలలేదు, సమయమూ చాలలేదు. లెక్క తెలిస్తే మనం సరిచేసుకోవచ్చు, అంతే.

1. కెమెరాలో నాభ్యంతరం చేసే పని

కుంభాకార కటకం దూరపు వస్తువు నుంచి వచ్చే కిరణాలను ఒక బిందువు దగ్గర చేరుస్తుందనీ, కటకం నుంచి ఆ బిందువుకు ఉన్న దూరాన్ని నాభ్యంతరం అంటారనీ మీకు తెలుసు. కెమెరా లెన్సులో చాలా అద్దాలు ఉన్నా అన్నీ కలిసి ఒకే కుంభాకార కటకంలా పనిచేస్తాయి. లెన్సు మీద 18, 50, 200 అని మిల్లీమీటర్లలో రాసి ఉండేది ఆ నాభ్యంతరమే. ప్రతిబింబం పడే పలకను సెన్సార్ అంటారు. మామూలుగా స్టూడియోల్లో కనపడే డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల్లో చాలావాటికి సెన్సార్ వెడల్పు సుమారు 23 మి.మీ. ఉంటుంది.

సరూప త్రిభుజాల లెక్క వేస్తే ఒక చిన్న సూత్రం వస్తుంది:

ఫొటోలో పట్టే వెడల్పు = మనం నిలబడిన దూరం × 23 ÷ నాభ్యంతరం

నాభ్యంతరం తక్కువైతే ఎక్కువ వెడల్పు పడుతుంది. దీన్ని వైడ్ లెన్సు అంటారు. నాభ్యంతరం ఎక్కువైతే కొంచెం భాగమే పెద్దదిగా పడుతుంది. దీన్ని టెలీ లెన్సు అంటారు. కోణంలో చెప్పాలంటే 18 మి.మీ. లెన్సు అడ్డంగా సుమారు 65 డిగ్రీలు చూస్తుంది. 50 మి.మీ. లెన్సు సుమారు 26 డిగ్రీలు, 200 మి.మీ. లెన్సు ఆరున్నర డిగ్రీలు మాత్రమే చూస్తాయి.

ఇప్పుడు మన గ్రూప్ ఫొటోకు రండి. అరవై మంది పిల్లలు, వరుసకు పదిహేను మంది చొప్పున నాలుగు వరుసలు. అటూ ఇటూ కొంచెం ఖాళీతో కలిపి వరుస వెడల్పు 25 అడుగులు అనుకుందాం. అందరూ ఫొటోలో పట్టాలంటే:

18 మి.మీ. లెన్సుతో సుమారు 20 అడుగుల దూరంలో నిలబడాలి.
35 మి.మీ. లెన్సుతో సుమారు 38 అడుగుల దూరంలో నిలబడాలి.
50 మి.మీ. లెన్సుతో సుమారు 54 అడుగుల దూరంలో నిలబడాలి.

మూడింటిలోనూ వరుస అంతా పడుతుంది. మరి మూడు ఫొటోలూ ఒకేలా ఉంటాయా? ఉండవు. అసలు పాఠం ఇక్కడే మొదలవుతుంది.

2. వెనక వరుస ఎందుకు చిన్నదవుతుంది?

ఒకే ఎత్తున్న ఇద్దరిలో దూరంగా ఉన్నవాడు ఫొటోలో చిన్నగా పడతాడు. ప్రతిబింబం పరిమాణం దూరానికి విలోమానుపాతంలో ఉంటుంది. వరుసకూ వరుసకూ మధ్య రెండున్నర అడుగులు ఉంటే మొదటి వరుస నుంచి నాలుగో వరుసకు ఏడున్నర అడుగులు.

20 అడుగుల నుంచి తీస్తే నాలుగో వరుస 27.5 అడుగుల దూరంలో ఉంటుంది. 20 ÷ 27.5 = 0.73. అంటే వెనకవాడి ముఖం ముందువాడి ముఖంలో 73 శాతమే వస్తుంది.

38 అడుగుల నుంచి తీస్తే 38 ÷ 45.5 = 0.84.

54 అడుగుల నుంచి తీస్తే 54 ÷ 61.5 = 0.88.

చూశారా? ఫొటోగ్రాఫరు వెనక్కి జరిగినకొద్దీ ముందు వరుసకూ వెనక వరుసకూ తేడా తగ్గుతుంది. ముందు కూర్చున్న పెద్దలు, వెనక నిలబడిన పిల్లలు దాదాపు ఒకే కొలతలో కనపడతారు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చెబుతుంటారు. వైడ్ లెన్సు వస్తువులను దూరం జరుపుతుందనీ, టెలీ లెన్సు దగ్గరికి లాగుతుందనీ అంటారు. పై లెక్కలో చూడండి, 0.73, 0.84 అనే సంఖ్యల్లో నాభ్యంతరం ఎక్కడా లేదు. దూరం ఒక్కటే ఉంది. ముందు వెనకల పొందికను నిర్ణయించేది మనం నిలబడిన చోటు. లెన్సు ఏం చేస్తుందంటే, ఆ చోటి నుంచి ఎంత మేర ఫొటోలో పట్టాలో నిర్ణయిస్తుంది. చేతిలో వైడ్ లెన్సు ఉంటే మనం తెలియకుండానే దగ్గరికి వెళతాం. టెలీ లెన్సు ఉంటే వెనక్కి వెళతాం. మార్పు తెచ్చేది మన కాళ్లు, పేరు లెన్సుకు వస్తుంది.

నమ్మకం లేకపోతే పరీక్ష చేయండి. ఒకే చోట నిలబడి జూమ్ లెన్సును 18 దగ్గర ఒకటి, 55 దగ్గర ఒకటి తీయండి. మొదటి ఫొటో మధ్య భాగాన్ని కత్తిరించి పెద్దది చేసి రెండో దాని పక్కన పెట్టండి. వస్తువుల పొందికలో తేడా ఉండదు.

3. సిరిమాను దగ్గర ఇద్దరు ఫొటోగ్రాఫర్లు

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మనలో చాలామంది చూసి ఉంటారు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం నాడు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల ముందు నడుస్తుండగా, పొడవాటి చింతమాను చివర పూజారి కూర్చుని ఉండగా, మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట వరకు సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది.

మరునాడు పేపర్లలో రెండు రకాల ఫొటోలు వస్తాయి. ఒకదానిలో మాను ఆకాశాన్ని చీల్చుకుంటూ పోతున్నట్టు, వెనక మేడలు ఎక్కడో చిన్నగా ఉంటాయి. ఇంకోదానిలో పూజారి వెనకే మేడలు, జనం గోడ కట్టినట్టు ఉంటారు. ఒకే ఉత్సవం, ఒకే వీధి. తేడా ఎలా వచ్చింది?

లెక్క కోసం పూజారి నుంచి వెనక మేడ 270 అడుగుల దూరం అనుకుందాం. మొదటి ఫొటోగ్రాఫరు పూజారికి 30 అడుగుల దగ్గర 18 మి.మీ. లెన్సుతో ఉన్నాడు. మేడ అతనికి 300 అడుగులు. 30 ÷ 300 = 0.1. పూజారితో పోలిస్తే మేడ పదో వంతుకు కుంచించుకుపోతుంది. రెండో ఆయన ఇంకా 300 అడుగులు వెనక ఒక డాబా మీద ఉన్నాడు. ఆయనకు పూజారి 330 అడుగులు, మేడ 600 అడుగులు. 330 ÷ 600 = 0.55. అంటే పూజారితో పోలిస్తే మేడ మొదటి ఫొటోలో కన్నా ఐదున్నర రెట్లు పెద్దగా వచ్చింది. పూజారి మాత్రం మొదటి ఫొటోలో ఉన్నంతే ఉండాలంటే దూరం 11 రెట్లు పెరిగింది కాబట్టి నాభ్యంతరం కూడా 11 రెట్లు కావాలి. 18 × 11 = 198. అందుకే ఆయన చేతిలో 200 మి.మీ. లెన్సు ఉంటుంది.

ఈ లెక్క తెలిసినవాడికి ఇంకో లాభం ఉంది. సభలో జనం పలచగా ఉన్నా దూరం నుంచి టెలీ లెన్సుతో తీస్తే కిక్కిరిసినట్టు కనపడతారు. దగ్గర నుంచి వైడ్ లెన్సుతో తీస్తే నిండు సభ కూడా వెలితిగా కనపడవచ్చు. ఇకపై పేపరులో ఫొటో చూసినప్పుడు "ఎక్కడ నిలబడి తీశారు?" అని అడగడం నేర్చుకోండి. ఫొటో అబద్ధం చెప్పదు అంటారు గానీ, చెప్పేది ఒక చోటి నుంచి చూసిన నిజం మాత్రమే.

4. చివరివాడి తల ఎందుకు సాగుతుంది?

వైడ్ లెన్సు సరళరేఖలను సరళరేఖలుగానే చూపించాలి. గోడ వంగకూడదు కదా. చదునైన సెన్సార్ మీద వెడల్పైన దృశ్యాన్ని పరచడం వల్ల అంచుల్లో ఉన్న గుండ్రని వస్తువులు బయటివైపు సాగుతాయి. ఎంత సాగుతాయో కొసైన్ తెలిసినవారు కట్టుకోవచ్చు. మధ్య నుంచి అంచుకు ఉన్న కోణం కొసైన్‌తో 1ని భాగిస్తే సాగుదల వస్తుంది. 18 మి.మీ. లెన్సు అడ్డం అంచు దగ్గర ఆ కోణం దాదాపు 32 డిగ్రీలు, సాగుదల 1.18. అంటే చివర ఉన్నవాడి తల ఎత్తుతో పోలిస్తే దాదాపు ఐదో వంతు వెడల్పు పెరుగుతుంది. 50 మి.మీ. లెన్సుతో ఆ కోణం 13 డిగ్రీలు, సాగుదల రెండు మూడు శాతమే. కంటికి తెలియదు. మా ఫొటోలో చివర నిలబడ్డవాడిని ఏడాదంతా "గుమ్మడికాయ" అని ఏడిపించాం. పాపం, వాడి తలలో దోషం లేదు.

ఇలాంటిదే ఇంకొకటి. విజయనగరం గంటస్తంభం దగ్గరగా నిలబడి వైడ్ లెన్సును పైకెత్తి తీస్తే స్తంభం వెనక్కి వాలినట్టు, పైన సన్నగా వస్తుంది. కళింగపట్నం లైట్‌హౌస్ కూడా అంతే. కెమెరా పైకి వంగినప్పుడు నిలువు గీతలు పైన కలుసుకోబోతున్నట్టు పడతాయి. మందు ఒక్కటే. దూరంగా వెళ్లి, కెమెరా వంచకుండా తిన్నగా పట్టుకుని తీయాలి.

5. వెలుతురు లెక్క

ఇప్పుడు రెండో భాగం. లెన్సులో కాంతి వచ్చే రంధ్రాన్ని అపెర్చర్ అంటారు. ఎఫ్ సంఖ్య అంటే నాభ్యంతరాన్ని ఆ రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేది. 50 మి.మీ. లెన్సుకు 25 మి.మీ. రంధ్రం ఉంటే ఎఫ్ 2. రంధ్రం చిన్నదయ్యేకొద్దీ ఎఫ్ సంఖ్య పెరుగుతుంది. వరుసగా 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22. ఒక్కో మెట్టు ఎక్కితే కాంతి సగమవుతుంది. ఈ మెట్టునే స్టాప్ అంటారు.

ఎఫ్ సంఖ్య ఒకటే అయితే లెన్సు ఏదైనా సెన్సార్ మీద పడే కాంతి తీవ్రత ఇంచుమించు ఒకటే. మరి లెన్సు మారితే వెలుతురు లెక్క ఎందుకు మారుతుంది? మూడు కారణాలున్నాయి.

మొదటిది, పొడవు లెన్సుకు పెద్ద రంధ్రం కావాలి. 200 మి.మీ. లెన్సు ఎఫ్ 2.8 ఇవ్వాలంటే రంధ్రం 71 మి.మీ. ఉండాలి. అంత పెద్ద అద్దాలు ఖరీదు, బరువు. అందుకే కెమెరాతో వచ్చే మామూలు 18-55 లెన్సు 18 దగ్గర ఎఫ్ 3.5 ఇచ్చి, 55 దగ్గరికి వెళ్లేసరికి ఎఫ్ 5.6కి పడిపోతుంది. (5.6 ÷ 3.5) వర్గం 2.56. అంటే జూమ్ చేసినందుకు కాంతి రెండున్నర రెట్లు తగ్గిపోయింది. చీకటి పడే వేళ జూమ్ చేసిన ఫొటోలు చెదిరిపోవడం ఇందుకే.

రెండోది, పొడవు లెన్సు చేతి వణుకును కూడా పెద్దది చేస్తుంది. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టరు కాలం 1 ÷ నాభ్యంతరం సెకన్ల కన్నా ఎక్కువ ఉండకూడదని పాత లెక్క. చిన్న సెన్సార్ కెమెరాల్లో నాభ్యంతరాన్ని 1.5తో గుణించుకోవాలి. 200 మి.మీ.కి 1/300 సెకను. వణుకును ఆపే ఏర్పాటున్న లెన్సులు ఇప్పుడు కొంత వెసులుబాటు ఇస్తాయి గానీ, కదిలే మనిషినీ ఎగిరే పక్షినీ అవి ఆపలేవు.

మూడోది, ఫొటోలో పట్టే ఆకాశం. దీని గురించి ఏడో భాగంలో చెబుతాను.

మీటరు లేని రోజుల్లో ఫొటోగ్రాఫర్లు వాడిన సూత్రం ఒకటి కంఠస్థం చేయండి. నిండు ఎండలో ఎఫ్ 16 పెట్టి, షట్టరు 1 ÷ ఐఎస్ఓ పెట్టాలి. ఐఎస్ఓ 100 అయితే 1/100 సెకను. ఎఫ్ 8కి దించితే రెండు స్టాపుల కాంతి పెరిగింది కాబట్టి షట్టరు 1/400 చేయాలి. త్రాసు రెండు పళ్లాల లాంటిదే ఇది.

6. తేలినీలాపురం పక్షుల దగ్గర

టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు వచ్చి చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. సైబీరియా పక్షులు అని మన వాళ్లు అంటారు గానీ, ఆ పెలికాన్ జాతి దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాలదే. ఊరి వాళ్లు వాటిని పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. దగ్గరికి వెళ్లి బెదిరించకూడదు కాబట్టి ఇక్కడ పొడవు లెన్సు తప్పనిసరి. పక్షిని బెదిరించి తీసిన ఫొటో ఎంత బాగున్నా మంచి ఫొటో కాదు.

250 మి.మీ. దగ్గర మామూలు లెన్సు ఎఫ్ 5.6 ఇస్తుంది. నిండు ఎండలో ఐఎస్ఓ 400 పెడితే సూత్రం ప్రకారం ఎఫ్ 16కి 1/400, మూడు స్టాపులు దిగితే ఎఫ్ 5.6కి 1/3200 సెకను. ఎగిరే రెక్కలు కూడా ఆగిపోతాయి. సాయంత్రం వెలుతురు నాలుగు స్టాపులు తగ్గితే అదే షట్టరు 1/200 అవుతుంది. చేతి వణుకు లెక్కకే 1/375 కావాలి, రెక్కలకు ఇంకా వేగం కావాలి. అప్పుడు ఐఎస్ఓ 1600కి పెంచితే 1/800 వస్తుంది. ఫొటోలో కొంచెం గరుకు కనపడుతుంది, ఫర్వాలేదు. గరుకుగా ఉన్న పక్షి నయం, చెదిరిన పక్షి పనికిరాదు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆటోమేటిక్‌లో పెట్టి తీశాను. ముదురు ఆకుల మధ్య కూర్చున్న కొంగ సున్నపు ముద్దలా తెల్లగా మాడిపోయింది. ఈక ఒక్కటీ తెలియలేదు. ఆ సాయంత్రం బస్సులో తిరిగొస్తూ ఆ ఫొటో చూస్తుంటే మా ఇంటి గోడ మీదున్న గ్రూప్ ఫొటో గుర్తొచ్చింది. ఇది దానికి తలకిందులు! అక్కడ తెల్ల గోడ ముందు నల్ల ముఖం పోయింది. ఇక్కడ నల్ల చెట్టు ముందు తెల్ల పక్షి పోయింది. అంటే తప్పు నలుపుదీ కాదు, తెలుపుదీ కాదు. కొలిచే మీటరుది.

7. మీటరుకు మనుషులు తెలియరు

కెమెరా మీటరుకు ముందున్నది ముఖమో గోడో తెలియదు. వచ్చిన కాంతి మొత్తం సరాసరి కట్టి, దాన్ని మధ్యరకం బూడిద రంగు చేయాలని చూస్తుంది. తెల్ల గోడ, ఆకాశం ఎక్కువగా ఉంటే "అబ్బో, వెలుతురు ఎక్కువైంది" అనుకుని అంతా తగ్గించేస్తుంది. గోడ బాగుంటుంది, ముఖాలు చీకటైపోతాయి. వైడ్ లెన్సు ఆకాశాన్నీ గోడనూ ఎక్కువగా పడుతుంది కాబట్టి ఈ మోసం దానితో ఎక్కువ. కొత్త కెమెరాలు, ఫోన్లు ముఖాలను గుర్తుపట్టి కొంత సరిచేస్తాయి. అయినా పూర్తిగా వాటి మీద వదిలేయకూడదు.

రంగు ఫిల్ము చరిత్రలో కూడా ఇలాంటి కథే ఉంది. 1950ల ప్రాంతం నుంచి అమెరికాలో కొడాక్ కంపెనీ ఫొటో ల్యాబులకు రంగులు సరిచూసుకోవడానికి ఒక నమూనా కార్డు పంపేది. దాని మీద తెల్లజాతి మహిళ ఉండేది. ఆ కార్డును షర్లీ కార్డు అనేవారు. ఆమె ఒంటి రంగు బాగా వస్తే అంతా సరిగా ఉన్నట్టే లెక్క. నల్లని వాళ్లు ఎలా వస్తున్నారో చూసే కొలమానం లేదు. కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ 2009లో దీని మీద రాసిన వ్యాసంలో, ముదురు రంగులు సరిగా రావడం లేదని చాక్లెట్ల వాళ్లు, కలప సామాను వాళ్లు అడగడం ఫిల్ము మెరుగుపడటానికి ఒక కారణమైందని చెప్పారు. వేర్వేరు రంగుల మనుషులున్న కార్డులు వచ్చింది 1990ల్లో.

తమ్ముళ్లూ, ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. "మనం ఫొటోలో రాం" అని మేము నవ్వుకున్న మాట మా లోపం కాదు. ఎవరినో మనసులో పెట్టుకుని చేసిన కొలత అది. కొలతను మార్చవచ్చు. ఎలాగంటే:

(అ) తెల్ల గోడ, ఆకాశం ముందు తీయాల్సి వస్తే ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ పెంచండి. కెమెరాలో ప్లస్ 1 అని ఉంటుంది. గోడ కొంచెం తెల్లబడితే బడనివ్వండి. ఫొటో గోడ కోసం కాదు.

(ఆ) వీలైతే ముఖం మీదే కొలత తీసుకోండి. ముదురు రంగు ముఖం మీద కొలిస్తే మీటరు దాన్ని కూడా బూడిద రంగుకు తేవాలని వెలుతురు పెంచుతుంది. అప్పుడు అర స్టాప్ నుంచి ఒక స్టాప్ తగ్గించండి. మన రంగు మన రంగుగానే రావాలి. ముఖం తెల్లబరిచే ఫిల్టర్లు కూడా ముఖాన్ని చెరిపేసేవే.

(ఇ) మిట్టమధ్యాహ్నం వద్దు. మన జిల్లాల్లో మే రెండో వారం ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కనుబొమ్మల నీడ కళ్ల మీద పడి గుంటలు కనపడతాయి. ఉదయం ఎనిమిది లోపు గానీ, సాయంత్రం నాలుగున్నర తర్వాత గానీ, లేదా భవనం నీడలో గానీ తీయండి.

8. ఫోన్ కెమెరా ఉన్నవారికి

ఫోన్‌లో 0.5, 1, 2 లేదా 3 అని కనపడేవి కూడా ఇలాంటివే. 0.5 బాగా వైడ్. చాలా ఫోన్లలో అపెర్చర్ మారదు. ఫోన్ షట్టరునూ ఐఎస్ఓనూ మార్చి వెలుతురు సర్దుకుంటుంది. సెల్ఫీలో ముక్కు పెద్దగా ఎందుకొస్తుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. ఫోన్ ముక్కుకు 30 సెంటీమీటర్లలో ఉంటే, చెవి ఇంకో 12 సెంటీమీటర్ల వెనక ఉంటుంది. 30 ÷ 42 = 0.71. మన గ్రూప్ ఫొటోలో వెనక వరుసకు జరిగిన అన్యాయమే ఇక్కడ చెవికి జరుగుతోంది! అదే మిత్రుడు ఒకటిన్నర మీటర్ల నుంచి 2 నొక్కి తీస్తే 150 ÷ 162 = 0.93. ముఖం ముఖంలా ఉంటుంది. ముఖం మీద వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకీ కిందకీ జరిపితే ఎక్స్‌పోజర్ మారుతుంది.

9. ఈ ఏడాది తీసిన ఫొటో

ఈ సంచిక కోసం గ్రూప్ ఫొటో నన్నే తీయమన్నారు. స్టూడియో అన్న కెమెరా అరువిచ్చాడు. ఉదయం ఎనిమిదికి హాస్టల్ భవనం నీడ పడమర వైపు పడుతుంది. తెల్ల గోడ వదిలేసి, ఆ నీడలో, వెనక వేపచెట్లు వచ్చేలా నాలుగు వరుసలు పెట్టాను. మొదటి వరుస కింద, రెండోది కుర్చీల్లో, మూడోది నిలబడి, నాలుగోది బల్లల మీద. 38 అడుగులు వెనక్కి జరిగేసరికి గేటు అడ్డొచ్చింది. గేటు తీయించి, రోడ్డు మీద బెంచీ వేసుకుని నిలబడ్డాను. ఆటోల వాళ్లు హారన్లు కొట్టారు. వార్డెన్ సారే రోడ్డు మీదికొచ్చి రెండు నిమిషాలు బళ్లు ఆపారు. ఎప్పుడూ ఫొటోలో ఉండని కుక్, కమాటి, వాచ్‌మెన్‌లను కూడా పిలిచి నిలబెట్టాం.

35 మి.మీ., ఎఫ్ 8, ఐఎస్ఓ 400. నిండు ఎండలో అయితే 1/1600, నీడలో మూడు స్టాపులు తగ్గించి 1/200. ఒక తమ్ముడి ముఖం మీద కొలత తీసుకుని సరిచూసుకున్నాను. కళ్లు మూసేవాళ్లు ఉంటారు కాబట్టి ఆరు ఫొటోలు తీశాను. తర్వాత అందరూ కెమెరా చుట్టూ మూగారు. నాలుగో వరుస చివర నిలబడ్డ ఐదో తరగతి తమ్ముడు తన ముఖాన్ని పెద్దది చేయించుకుని చూసి, "అన్నా, నా పన్ను ఊడిన సందు కూడా అవుపడతంది" అన్నాడు.

ఇంటికెళ్లి అమ్మకు చూపించాను. మళ్లీ అదే ప్రశ్న, "ఇందులో నువ్వెక్కడరా?" "నేను లేనమ్మా, తీసింది నేను" అన్నాను. ఒక్కో ముఖం దగ్గర వేలు ఆపుతూ చివరి వరకు చూసి, "అందరి పిల్లలూ అవుపడతన్నారు" అంది. నా లెక్క సరిపోయిందని అప్పుడు తెలిసింది.

గుర్తుంచుకోవలసినవి

1. ముందు వెనకల పొందిక దూరం వల్ల, ఎంత మేర పట్టాలన్నది లెన్సు వల్ల.
2. గుంపును తీసేటప్పుడు వీలైనంత వెనక్కి జరగాలి. ఎవరినీ వైడ్ లెన్సు అంచున పెట్టకూడదు.
3. ఎఫ్ సంఖ్య ఒక మెట్టు పెరిగితే కాంతి సగం.
4. పొడవు లెన్సుకు వేగమైన షట్టరు.
5. తెల్లని వెనుక భాగం ఉంటే పెంచాలి, నల్లని వెనుక భాగం ముందు తెల్లని వస్తువుంటే తగ్గించాలి.
6. కొలత ముఖం మీద తీసుకోవాలి.

అభ్యాసం

1. మీ తరగతిలో 40 మంది, రెండు వరుసలు. వరుస వెడల్పు 33 అడుగులు. 35 మి.మీ. లెన్సుతో ఎంత దూరంలో నిలబడాలి? (జవాబు: సుమారు 50 అడుగులు)
2. ఐఎస్ఓ 200, నిండు ఎండ, ఎఫ్ 11. షట్టరు ఎంత? (జవాబు: 1/400 సెకను)
3. ఈసారి ఇంటికెళ్లినప్పుడు మీ అమ్మానాన్నల ఫొటో ఒకటి, గోడ ముందు కాకుండా చెట్టు నీడలో, నాలుగడుగులు వెనక్కి జరిగి తీయండి. దీనికి జవాబు ఇక్కడ రాయడం లేదు. ఫొటో చూసి వాళ్లే చెబుతారు.

మీ సోదరుడు,
పూర్వ విద్యార్థి